ఆరో పంపు తలుపు

మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తున్నారట. "మీ ఉద్యోగ అనుభవాలు రాయండి అంకుల్, యూత్‌కి కొంచెం ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి" అని ఫోన్ చేశారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళు గ్యాస్ స్టేషన్లలో, అదే మన పెట్రోలు బంకుల్లో, పంపులు బాగుచేసిన మనిషిని నేను. గొప్పగా చెప్పుకోవడానికి ఏముందా అని వెతుక్కుంటే, చెప్పుకోకూడనిదే ముందొచ్చి కూర్చుంది. అదే రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేదంటే మానేయండి.

విశాఖలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేసి, దేశం దాటి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ నా సర్టిఫికెట్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. చివరికి ఒక కాంట్రాక్టు కంపెనీలో పంపుల మెకానిక్‌గా చేరాను. ఒక వ్యాను, ఒక టూల్ పెట్టె, ఒక ట్యాబ్లెట్. ఇటు ఒషావా నుంచి అటు మిల్టన్ దాకా ఎక్కడ పంపు మొరాయించినా నేనే వెళ్ళాలి.

మీకందరికీ తెలిసిన పనే. కారు ఆపుతారు, పంపులో కార్డు పెడతారు, పిన్ కొడతారు, మీ గ్యాస్ మీరే నింపుకుని పోతారు. చలికి వణుకుతూ ఎప్పుడు కార్లో కూర్చుందామా అని చూస్తారే తప్ప, కార్డు పెట్టిన చోట తలుపు వెనక ఏముందో ఎవరూ ఆలోచించరు. మీరు ఆలోచించనక్కర్లేదు. ఆలోచించడానికి నాకు జీతం ఇచ్చేవారు.

తలుపు వెనక కార్డు చదివే రీడరు ఉంటుంది. దాని నుంచి బోర్డుకు ఒక బద్దలాంటి కేబుల్ వెళ్తుంది. దొంగలు ఆ కేబుల్‌కు అగ్గిపెట్టెంత పరికరం తగిలించి తలుపు మూసేసి పోతారు. చిప్ కార్డులు వచ్చాక కూడా పాత పంపులు కార్డు వెనకున్న నల్ల గీతను చదువుతూనే ఉండేవి. ఆ పరికరం దాన్ని నకలు తీసి పెట్టుకుంటుంది. బయటికి ఏమీ కనపడదు. తర్వాత మీ కార్డుతో ఎవడో ఎక్కడో టీవీ కొనుక్కుంటాడు.

మరి తలుపుకు తాళం ఉండదా? ఉంటుంది. అక్కడే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఒకే కంపెనీ తయారుచేసిన పంపు ఎక్కడున్నా సరే, తాళంచెవి ఒక్కటే. నా జేబులో ఉన్నదే ప్రతి స్టేషన్ ఆఫీసు సొరుగులోనూ ఉండేది. ఇంటర్నెట్‌లో ఒక పిజ్జా ఖరీదుకు దొరికేది. ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ తాళం వేరుగా పెట్టించండి మహానుభావా అని మా సూపర్‌వైజర్‌కి రెండుసార్లు చెప్పాను. గోడకి చెప్పినట్టే. "మన పని రిపేరు. తాళాలు క్లయింటు గొడవ" అన్నాడు. తాళానికి బదులు స్టిక్కర్లు ఇచ్చారు. నంబరు వేసిన సీలు. తలుపు సందు మీద అంటిస్తే, ఎవరైనా తెరిచినప్పుడు చిరుగుతుంది. మూడు నెలలకోసారి నేను ప్రతి తలుపూ తెరిచి, కేబుల్ చూసి, కొత్త సీలు అంటించి, నంబరు ట్యాబ్లెట్‌లో ఎక్కించాలి.

ఒషావా అంచున ఒక స్టేషన్ ఉండేది. ఆరు పంపులు. ఆరోది కార్ వాష్ పక్కన, కౌంటర్‌లోంచి చూస్తే కనపడేది కాదు. ఉదయం షిఫ్ట్‌కి సూపర్‌వైజర్‌గా మన తెలుగమ్మాయి ఉండేది. అమ్మాయంటే చిన్నపిల్ల కాదు, ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. అమలాపురం దగ్గర వాళ్ళు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచీ "అన్నయ్య గారూ" అనేది. నేను వెళ్ళిన ప్రతిసారీ తన డబ్బాలో ఉప్మానో పులిహోరో సగం నాకు పెట్టేది. వద్దంటే ఊరుకునేది కాదు. "మీరు పొద్దున్నే బయల్దేరి ఉంటారండి, వదినగారు లేచి వండుంటారా ఏంటి? తినండి" అని దబాయించేది.

వాళ్ళ ఆయన కాలేజీ ముగించి ఒక గోడౌన్‌లో చేసేవాడు. ఆ ఉద్యోగం పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పనికిరాదు. ఈమెది సూపర్‌వైజర్ ఉద్యోగం కాబట్టి పనికొస్తుంది. ఏడాది పూర్తి చేసి, యజమాని చేత ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకుంటే ఇద్దరికీ కలిపి అప్లై చేయొచ్చు. ఇంకా రెండు నెలలే ఉన్నాయి. వర్క్ పర్మిట్ గడువు కూడా దగ్గర పడింది. అంటే ఆ కుటుంబం ఈ దేశంలో ఉండాలా, సామాను సర్దుకోవాలా అన్నది ఆ ఒక్క లెటర్ మీద ఆధారపడి ఉంది.

ఆ ఏడు దసరాకి ఆమె ఆయుధ పూజ చేసింది. పొద్దున షిఫ్ట్ మొదలవగానే క్యాష్ రిజిస్టర్‌కీ, కాఫీ మెషీన్‌కీ బొట్టు పెట్టి, బయటికొచ్చి ఆరు పంపులకీ పెట్టింది. పసుపు తడిపి రాసి, దాని మీద కుంకుమ. అన్నం పెట్టే వస్తువుకు ఏడాదికోసారి బొట్టు పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. విశాఖలో మా వర్క్‌షాప్‌లో లేతు మెషీన్‌కి నేను పెట్టినవాణ్ణే.

రెండు రోజుల తర్వాత నా తనిఖీ వంతు వచ్చింది. వెళ్ళి చూస్తే పంపుల తలుపుల మీద బొట్లు. నాకేమనిపించిందో నిజం చెప్తాను. సిగ్గేసింది. రిపోర్టులో ప్రతి తలుపు ఫొటో పెట్టాలి. అవి మా సూపర్‌వైజర్ చూస్తాడు. "ఇదేంటి, మీవాళ్ళ వూడూ చేతబడా?" అని ఆఫీసులో నలుగురి ముందూ నవ్వుతాడు. పంతొమ్మిదేళ్ళలో అలాంటి నవ్వులు చాలానే మింగాను. ఇంకొకటి మింగే ఓపిక లేకపోయింది. పసుపు ప్లాస్టిక్‌కి పట్టిందంటే ఒక పట్టాన వదలదు. నూనె మరకలు తీసే స్ప్రే కొట్టి, గుడ్డతో రుద్ది రుద్ది తుడిచాను. ఒక్కో పంపూ తుడవడం, తెరవడం, చూడడం, సీలు వేయడం, ఫొటో తీయడం. ఆమెతో ఒక్క మాట అనలేదు. లోపల కౌంటర్ దగ్గర రద్దీగా ఉంది, ఆమె చూడలేదు.

ఐదు పంపులు అయ్యాయి. ఆరోదాని దగ్గరికి వెళ్తుండగా మా ఆఫీసు నుంచి ఫోను. సూపర్‌వైజర్. మిల్టన్‌లో నాలుగు పంపులు ఒకేసారి ఆగిపోయాయి, ట్రెయిన్ దిగి ఇళ్ళకు పోయేవాళ్ళు క్యూ కట్టారు, క్లయింటు నా పీక మీద కూర్చున్నాడు, ఇప్పుడే బయల్దేరు అని అరుపులు. "ఒక్కటి మిగిలింది, పది నిమిషాలు" అన్నాను. "ఆ ఒక్కటీ టిక్కు పెట్టేయ్, నీకు కొత్తా?" అన్నాడు. కొత్త కాదు. అందరం చేసేవాళ్ళమే. వ్యాన్‌లో కూర్చుని ఆరో పంపు ఎదురుగా 'తెరిచి చూశాను, సీలు మార్చాను, అనుమానాస్పదంగా ఏమీ లేదు' అన్న మూడు గడుల్లో మూడు టిక్కులు పెట్టాను. ఫొటో కావాలి కదా, ఐదో పంపు ఫొటోనే మళ్ళీ ఎక్కించాను. సంతకం చేసి పంపేశాను. మిల్టన్ వెళ్ళి నాలుగు పంపులూ బాగుచేస్తే ఆ క్లయింటు శభాష్ అన్నాడు. ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాను.

మూడు వారాలకు బ్యాంకు వాళ్ళు పట్టుకున్నారు. దొంగ వాడకాలు జరిగిన కార్డులన్నీ ఆ స్టేషన్‌లో పెట్టినవేనట. స్టేషన్ బోర్డు మీద పేరున్న పెద్ద ఆయిల్ కంపెనీ నుంచి దర్యాప్తు అధికారి వచ్చి ఆరు తలుపులూ తెరిపించాడు. ఆరోదాని సీలు నంబరు కూడా తెలియనంతగా చిరిగి ఉంది, లోపల దొరికింది పరికరం. తలుపు మీద పసుపు మరక, మధ్యలో ఎర్రటి చుక్క. మిగతా ఐదింటి మీదా ఏమీ లేదు.

ఇక చూడండి, లెక్క ఎంత చక్కగా కుదిరిందో. తాళం పగలగొట్టలేదు, తాళంచెవితో తెరిచారు. తాళంచెవి ఆఫీసు సొరుగులో ఉంటుంది, షిఫ్ట్ సూపర్‌వైజర్ చేతికి అందుతుంది. కార్ వాష్ మీదున్న కెమెరాలో, దసరా రోజు పొద్దున్నే ఆమె ఆరో పంపు దగ్గర వంగి తలుపు మీద వేలితో ఏదో రాస్తున్నట్టు ఉంది. అంటే ముఠావాళ్ళకు గుర్తు పెట్టింది! "పండగకి పెట్టానండి, ఆరింటికీ పెట్టాను" అందామె. "మరి ఐదింటి మీద ఏవి?" అన్నాడాయన. ఏవి? ఆమెకేం తెలుసు? వానకు పోయాయేమో అంది. పంపుల మీద కప్పు ఉంది, వాన పడదు. ఎవరైనా తుడిచారేమో అంది. ఎవరు తుడుస్తారు, ఎందుకు తుడుస్తారు? నిజం చెప్తున్న మనిషి మాటకు మాట మారుస్తున్నట్టు కనపడింది. మిగతా కెమెరాల్లో చూస్తే ఐదు పంపుల దగ్గరా ఆమె కనపడేదే. కావలసింది దొరికాక ఇంకా ఎవరు వెతుకుతారు? అక్కడికక్కడే జీతం లేకుండా ఇంటికి పంపేశారు.

స్టేషన్ యజమాని మన దేశం వాడే, తెలుగువాడు కాడు గానీ. షాపు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకున్న మనిషి. ఆ చుక్క ఏమిటో ఆయనకు తెలియదా? "ఏదో మతపరమైనది కావచ్చు, నాకు ఐడియా లేదు" అన్నాడట. పెద్ద కంపెనీ వాళ్ళకు కోపమొస్తే స్టేషన్ లాగేసుకుంటారని భయం. పిరికి వెధవ అని తిట్టుకున్నాను. తిట్టుకోవడానికి నాకేం అర్హత ఉందో వినండి.

ఆ సాయంత్రమే ఆమె నాకు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "అన్నయ్య గారూ, దసరా అయిన రెండో రోజు మీరొచ్చారు కదండీ. ఆరు పంపులూ మీరు చూశారు కదా. అన్నింటికీ బొట్లున్నాయి కదండీ? ఆ ఒక్క మాట వాళ్ళకి చెప్పండి, చాలు."

ఒక్క మాట. చెప్తే ఏమవుతుంది? బొట్లు ఏమయ్యాయంటారు, నేనే తుడిచానని చెప్పాలి. ఆరోది ఎందుకు తుడవలేదంటారు, దాని దగ్గరికే వెళ్ళలేదని చెప్పాలి. మరి ఈ సంతకం ఎవరిదంటారు. రిటైర్మెంట్‌కి ఇంకా ఏడాదిన్నర. "నేను గమనించలేదమ్మా" అన్నాను.

"సరేలెండి, మీ పనిలో మీరుంటారు కదా" అని ఆమే నన్ను సముదాయించి పెట్టేసింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు రోజూ వ్యాను తీశాను, రోజూ టిక్కులు పెట్టాను. అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే గ్యాస్ట్రిక్ అన్నాను. దానంతటదే తేలిపోతుందేమో, వాళ్ళే అసలు దొంగను పట్టుకుంటారేమో అని ఎదురుచూశాను. నామీద నాకు అసహ్యం వేసింది. అసహ్యం వేయడం వల్ల ఆమెకు కాణీ ఉపయోగం లేదు.

తొమ్మిదో రోజు నన్ను ఆ స్టేషన్‌కి రమ్మన్నారు. నా సర్వీసు రిపోర్టు నిజమేనని దర్యాప్తు అధికారి ముందు చెప్పాలి, అంతే. దారిలో మా సూపర్‌వైజర్ పాఠం చెప్పాడు. "అవును అను, సంతకం నాదే అను, వచ్చేయ్. ఎక్కువ మాట్లాడకు."

స్టేషన్ వెనక చిన్న ఆఫీసు గది. చుట్టూ చిప్స్ పెట్టెలు. అధికారి, యజమాని, మా సూపర్‌వైజర్, నేను. మూల కుర్చీలో ఆమె. పనిలోంచి పంపేసినా స్టేషన్ యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చింది, పేరు బిళ్ళతో సహా. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. నన్ను చూసి తల ఊపింది. ఇంకా నేను మంచివాణ్ణే ఆమెకు.

అధికారి చాలా మర్యాదస్తుడు. నా రిపోర్టు తిప్పి చూపించాడు. "ఆ రోజు మీరు ఆరో పంపు తెరిచారు. లోపల పరికరం లేదు. అవునా?"

అప్పుడు నాకు అసలు సంగతి వెలిగింది. ఆ రోజు లేదని నేనంటే, తర్వాతే పెట్టారని అర్థం. తర్వాత పెట్టారంటే, రెండు రోజుల ముందు ఈమె గుర్తు పెట్టి రప్పించిందని ఖాయం. పోలీసులకు ఫైలు వెళ్తుంది. లెటర్ మాట దేవుడెరుగు, ఆ అమ్మాయికి ఇక ఎక్కడా అప్లై చేసుకునే వీలు కూడా ఉండదు. నా 'అవును' తోనే ఆమెను ముంచబోతున్నారు.

"లేదు. ఐదే తెరిచాను" అన్నాను.

మా సూపర్‌వైజర్ వెంటనే, "ఈయన ఉద్దేశం ఏంటంటే..." అని మొదలుపెట్టాడు.

"నా ఉద్దేశం నాకు తెలుసు, నువ్వు ఆగు" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మనిషితో అలా మాట్లాడాను. "ఆరోది నేను ముట్టుకోలేదు. ఫొటో ఐదోదాందే. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తలుపు మీది గీటుతో సహా ఒకటే, ఆరోదాని మీదున్న బొట్టు ఇందులో లేదు. ఆ పరికరం అప్పటికే లోపల ఉందో లేదో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఐదింటి మీదా బొట్లు ఉన్నాయి. నేనే తుడిచాను."

"ఎందుకు తుడిచారు?" అన్నాడు అధికారి.

"సిగ్గేసింది."

"దేనికి?"

దేనికి? కోపం ముంచుకొచ్చింది. జేబులోంచి తాళంచెవి తీసి అందరినీ బయటికి రమ్మన్నాను. ఆరో పంపుకు పెట్టి తిప్పాను. తెరుచుకుంది. "ఇది ఈ సొరుగులోది కాదు, నా వ్యాన్‌ది. దీంతో మిల్టన్‌లో తెరుస్తాను, మధ్యలో ఉన్న ప్రతి స్టేషన్‌లోనూ తెరుస్తాను. బజార్లో అమ్ముతున్నారు. తాళాలు మార్చండి బాబూ అని రెండుసార్లు చెప్పాను, అడగండి ఈయన్ని! తాళానికి డబ్బు ఖర్చని స్టిక్కర్లు అంటించారు. దొంగతనం జరిగితే మాత్రం, పండగకి బొట్టు పెట్టుకున్న మనిషి దొరికింది మీకు!" అని అరిచాను. గ్యాస్ నింపుకుంటున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. యజమాని నేల చూపులు చూశాడు. అధికారి "దయచేసి శాంతించండి" అంటూ రాసుకున్నాడు. మిగతా కెమెరాలు చూస్తే ఆరింటి దగ్గరా ఆమె కనపడింది. చూడడానికి అరగంట పట్టింది. తొమ్మిది రోజుల కిందట కూడా అరగంటే పట్టేది.

మర్నాడు ఆమెకు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, రేపటి నుంచి షిఫ్ట్‌కి రావచ్చు అని. సారీ లేదు. పొరపాటు పడ్డామన్న మాట లేదు. ఏడాది పూర్తి చేసుకుంది, లెటర్ తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది? అదే యజమానికి రోజూ గుడ్ మార్నింగ్ చెప్పింది.

నాకేమో ముందస్తు రిటైర్మెంట్ అని పేరు పెట్టారు. కేకు కూడా కోయించారు. టిక్కు పెట్టేయమన్న సూపర్‌వైజరే ముక్క తీసి నా నోట్లో పెట్టాడు. ఆ ఒక్క స్టేషన్‌లో తాళాలు మార్చారు. నేను మానేసిన రోజు దాకా మిగతావి అలాగే ఉన్నాయి. పాత తాళంచెవి వెంటనే అప్పగించాలని మాత్రం నాకు మూడు ఈమెయిళ్ళు పంపారు. బజార్లో దొరికేదానికి ఎంత జాగ్రత్తో!

మీలో చాలామంది ఇలాంటి పనుల్లోనే ఉన్నారు. కౌంటర్లలో, గోడౌన్లలో, వ్యాన్లలో. ఎవడో ఫోన్‌లో అరిచాడని చూడనిదాన్ని చూశామని రాయకండి. తలుపు తెరవండి, ఆ తర్వాతే టిక్కు పెట్టండి. మన బొట్టుకు మీరు సిగ్గుపడితే పడండి, మీ ఇష్టం. కానీ పక్కవాళ్ళది వాళ్ళకు చెప్పకుండా తుడవకండి. ఇంతకంటే ఇన్‌స్పైరింగ్‌గా నాకు చేతకాదు.

ఇంకొకటి ఉంది. కేకు కోసిన వారానికి ఆమె షిఫ్ట్ దిగే వేళకు వెళ్ళాను. స్టేషన్ ముందు బస్‌స్టాప్‌లో నిలబడి ఉంది. క్షమించమని అడిగాను. ఫోన్‌లో అబద్ధం చెప్పానని, భయపడ్డానని, అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. కోపంగా లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మీరు చెప్పారండి, కాదనను. మీ ఉద్యోగం కూడా పోయిందని విన్నాను. కానీ తొమ్మిదో రోజు చెప్పారండి."

"అవునమ్మా."

"ఐదో రోజు మా ఆయన అడిగాడు."

"ఏమనమ్మా?"

"నిజం చెప్పు, ఆ ముఠావాళ్ళ దగ్గర డబ్బులేమైనా తీసుకున్నావా అని." హ్యాండ్‌బ్యాగ్ భుజానికి సర్దుకుంది. "ఇప్పుడు రోజూ ఏడుస్తాడులెండి, తప్పయిపోయిందంటాడు. పాపం, మంచోడే. అయినా అడిగాడు కదండీ."